అమ్మానాన్నల హెల్త్ పాలసీ రెన్యూవల్: డబ్బు కట్టేముందు ఏడాదికోసారి ఏమేం చూస్కోవాలంటే

రెన్యూవల్ మెసేజ్ వస్తాది, లింక్ నొక్కుతాం, ఫోన్‌లోనే డబ్బు కట్టేస్తాం, మళ్లీ ఏడాది దాకా దాని ఊసే ఎత్తం. మన వయసోళ్లకైతే అట్ల నడుస్తాదేమో గానీ ఇంట్లో అరవై దాటినోళ్లుంటే మాత్రం కుదరదు, ఎందుకంటే ఏడాదిలో వాళ్ల మాత్రలు మారుంటాయి, మనం పోయే ఆస్పత్రి కంపెనీ నెట్‌వర్క్‌లోంచి (వాళ్లతో ఒప్పందమున్న ఆస్పత్రుల లిస్టు) బయటికి పోయుంటాది, ప్రీమియం పెరిగుంటాది, గవర్నమెంటు ఏదో కొత్త కార్డు తెచ్చుంటాది, పోయినసారి సరిపోయిన పాలసీ ఈసారి సరిపోతాదని గ్యారంటీ ఏం లేదు. మాది అనంతపురం, మా ఇంట్లో, మా అత్తోళ్లింట్లో పెద్దోళ్ల పాలసీల పంచాయితీ మొత్తం నా నెత్తినే ఉంది కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తాండా. కర్నూలోళ్లకైనా కడపోళ్లకైనా దాదాపు ఇదే.

ముందు డేటు సంగతి. పాలసీ అయిపోయే రోజుకి రెండు నెలల ముందే కూర్చోవాలి, రెండ్రోజుల ముందు కాదు. వేరే కంపెనీకి పోర్ట్ కావాలనుకుంటే రెన్యూవల్ డేటుకి కనీసం 45 రోజుల ముందు అప్లై చేయాల, 60 రోజుల కంటే ముందు చేస్తే తీసుకోరు, అంటే మన చేతిలో ఉండేది పదిహేను రోజుల సందు. అది దాటినాక ప్రీమియం చూసి అరిచినా ఆ ఏడాదికి ఆ కంపెనీతోనే కాపురం. కాబట్టి ఫోన్ క్యాలెండర్‌లో 60 రోజుల ముందుకి రిమైండర్ పెట్టుకోండి. ఇంకోటి, రెన్యూవల్ మెసేజ్ అసలు ఎవరి నంబర్‌కి పోతాందో చూడండి, చానా ఇళ్లల్లో అది ఏజెంట్ నంబరో, నాయన ఎప్పుడో పారేసిన పాత సిమ్ నంబరో అయ్యుంటాది. కంపెనీ యాప్‌లోనో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసో మన నంబర్ ఎక్కించండి.

పాలసీ కాయితం తీసేముందు మాత్రల డబ్బా తీయండి. పెద్దోళ్లని "నీకేం జబ్బులున్నాయి నాయనా" అని అడిగితే నిజం రాదు, "నాకేమైందిరా, గుండురాయి మాదిరుండా" అంటారు. డబ్బా అబద్ధం చెప్పదు. అన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్క స్ట్రిప్ ఫోటో తీయండి, మెడికల్ షాపోళ్లు నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చిన ముక్కలుంటాయి చూడండి, వాటి మీద పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ డేటూ ఉండదు, సగం అక్షరాలు కోతలో పోయుంటాయి, వాటిని పక్కనపెట్టి డాక్టర్ చీటీతో సరిపోల్చుకోండి. బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే సాల్ట్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు రాసుకోండి, టెల్మిసార్టన్ 40 అనో మెట్‌ఫార్మిన్ 500 అనో. ఎప్పట్నుంచి వాడ్తాన్నారో, ఏ డాక్టర్ రాసినాడో కూడా. ఈ లిస్టుతో రెండు పనులు జరుగుతాయి, ఒకటి మందుల ఖర్చు తగ్గించుకోవడం, రెండోది పాలసీలో ఏ జబ్బు చెప్పినాం, ఏది చెప్పలేదు అని తేలడం. రెండోది పెద్ద విషయం, కింద చెప్తా.

ఇప్పుడు అసలు మీ వాళ్లకి ఏం కవర్ ఉందో తేల్చండి. "బ్యాంకులో ఇన్సూరెన్స్ ఉందిలే, డబ్బులు కట్ అవుతాంటాయి" అనే మాట మన దగ్గర చానా వింటాం. ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యేది సురక్షా బీమా, అది యాక్సిడెంట్‌కి మాత్రమే, ఆస్పత్రి బిల్లుకి సంబంధమే లేదు, పైగా 70 ఏళ్లు దాటితే అదీ ఉండదు. 436 కట్ అయ్యేది జీవన్ జ్యోతి, అది లైఫ్ ఇన్సూరెన్స్, 55 ఏళ్లకే అయిపోతాది. పాస్‌బుక్ ముందరేసుకొని ప్రతి కటింగ్ ఏందో కనుక్కోండి. పిల్లల ఆఫీసు గ్రూప్ పాలసీలో పేరెంట్స్ పేరుంటే మంచిదే గానీ ఉద్యోగం మారిన రోజు అది పోతాది, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఉద్యోగం మానేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే దారి ఉంటాది, హెచ్‌ఆర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. రిటైర్డ్ టీచర్లు, గవర్నమెంటు ఉద్యోగులు ఉన్న ఇంట్లో వాళ్లకిచ్చే ఈహెచ్‌ఎస్ హెల్త్ కార్డు ఉంటాది, దాంట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయా, ఫోటోలు, ఆధార్ నంబర్లు సరిగ్గా ఉన్నాయా చూడండి.

ఫ్రీ కార్డుల సంగతికొద్దాం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైందే అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, మన జిల్లావోళ్లకి ఇది కొత్త కాదు. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, పరిమితి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 25 లక్షలు. ఇది ప్రొసీజర్ల లిస్టు మీద నడుస్తాది, లిస్టులో ఉన్న ఆపరేషన్‌కి నెట్‌వర్క్ ఆస్పత్రిలో రూపాయి కట్టాల్సిన పని లేదు, లిస్టులో లేకపోతే కార్డున్నా లాభం లేదు. అనుమానముంటే 104కి ఫోన్ చేయండి, లేదంటే ఆస్పత్రిలో ఈ స్కీమ్ డెస్క్ కాడ అడగండి. 2025 సెప్టెంబర్‌లో దీన్ని అందరికీ వర్తించేటట్టు, 2.5 లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ పైన గవర్నమెంటు ట్రస్టు కట్టేటట్టు మార్చడానికి క్యాబినెట్ ఒప్పుకుంది, కాబట్టి పోయినేడు మనకు రాదని వదిలేసినోళ్లు కూడా ఈసారి మళ్లీ కనుక్కోండి.

70 దాటినోళ్లకి ఇంకొకటుంది, ఆయుష్మాన్ వయ వందన. 2024 అక్టోబర్ 29న మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు, వెయిటింగ్ పీరియడ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) లేదు, పాత జబ్బులకి మొదటి రోజు నుంచే వర్తిస్తాది. భార్యాభర్తలిద్దరూ 70 దాటుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ప్రైవేట్ పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు, సీజీహెచ్‌ఎస్ (సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులది), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులది) ఉన్నోళ్లు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాల. ఆయుష్మాన్ యాప్‌లో మనమే చేసేయొచ్చు, హెల్ప్‌లైన్ 14555. ఇక్కడ చిక్కు ఏందంటే వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు, మన పెద్దోళ్లలో సగం మందికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, సంవత్సరం కూడా ఎవరో అందాజాగా వేసిందే, 74 ఏళ్లాయనకి ఆధార్‌లో 67 ఉంటే కార్డు రాదు. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్‌కి ఓటీపీతో అవుతాది, ఆ నంబర్ ఏదో ముందే చూసుకోండి. ఇది మాత్రం రెన్యూవల్ దాకా ఆగకుండా ఈ వారమే చేసేయండి.

ఫ్రీ కార్డు వచ్చింది కదా అని ప్రైవేట్ పాలసీ ఆపేయాలా అని అందరూ అడిగేది. కట్టే స్తోమతుంటే ఆపొద్దు అనేది నా మాట. మనకు నచ్చిన ఆస్పత్రి స్కీమ్‌లో ఉండకపోవచ్చు, ఉన్నా కావాల్సిన ట్రీట్‌మెంట్ లిస్టులో ఉండకపోవచ్చు, ఒక్కసారి ఆపేసిన పాలసీ డెబ్బై ఏళ్లప్పుడు మళ్లీ దొరకడం కష్టం, దొరికినా వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి. వయసు పరిమితి అయితే తీసేశారు, 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినోళ్లకి కూడా కంపెనీలు పాలసీలు అమ్మొచ్చు, కానీ అమ్మొచ్చు అంటే షుగర్, బీపీ, స్టెంట్ ఉన్న మనిషికి అమ్ముతారని కాదు కదప్పా.

సరే, పాలసీ కాయితం. నలభై పేజీలు ఎవరూ చదవరు, చదవక్కర్లేదు కూడా. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒకటిస్తారు, 2024 జనవరి నుంచి తప్పనిసరి, అడిగితే తెలుగులో కూడా ఇవ్వాల. దాంట్లో రూమ్ రెంట్, కో-పే, సబ్ లిమిట్స్, వెయిటింగ్ పీరియడ్, ఈ నాలుగు చూస్తే ముప్పావు పని అయిపోయినట్టే.

రూమ్ రెంట్ దగ్గరే మనోళ్లు ఎక్కువ దెబ్బతింటారు కాబట్టి లెక్కేసి చూపిస్తా. పాలసీ 3 లక్షలు, రూమ్ రెంట్ అందులో 1 శాతం, అంటే రోజుకి 3000 అనుకోండి. అమ్మకి గాలి బాగా రావాలని 6000 రూమ్ తీసుకున్నారు. మీరనుకుంటారు, రోజుకి తేడా 3000 మనం కట్టుకుంటాంలే అని. కానీ కథ అది కాదు, రూమ్ రెంట్ సగమే ఎలిజిబుల్ కాబట్టి రూమ్‌తో ముడిపడ్డ ఖర్చులు, అంటే డాక్టర్ ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, అన్నీ సగానికి కోస్తారు. అవి 80,000 అయ్యుంటే 40,000 మన జేబు నుంచే, రూమ్ తేడా వేరే. మందులు, ఇంప్లాంట్లు, స్కానింగులు, రక్తపరీక్షలకి మాత్రం ఈ కోత పెట్టకూడదు, బిల్లులో వాటికీ కోసుంటే గొడవ పెట్టుకోండి. రూమ్ రెంట్ లిమిట్ లేని ప్లాన్ దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మేలు, దొరకకపోతే ఎంత రూమ్‌కి అర్హత ఉందో పెద్ద అక్షరాలతో కార్డు వెనకాల రాసిపెట్టండి, ఎందుకంటే అడ్మిషన్ కౌంటర్ కాడ ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

కో-పే అంటే ప్రతి క్లెయిమ్‌లో మన వాటా. సీనియర్ సిటిజన్ ప్లాన్‌లలో 20 శాతం మామూలే, 2 లక్షల బిల్లుకి 40,000 మనం పెట్టుకోవాల. ప్రీమియం తక్కువ ఉందని ఎగబడేముందు ఈ అంకె చూడండి. సబ్ లిమిట్ అంటే కంటి శుక్లానికి ఇంత, మోకాలి మార్పిడికి ఇంత అని విడిగా గీసిన గీత, మొత్తం పాలసీ 5 లక్షలున్నా శుక్లానికి ఒక్కో కంటికి వాళ్లు రాసిందే ఇస్తారు. వెయిటింగ్ పీరియడ్ పాత జబ్బులకి ఇప్పుడు మూడేళ్లకి మించి పెట్టకూడదు, అంతకుముందు నాలుగేళ్లుండేది. శుక్లం, హెర్నియా, మోకాళ్ల లాంటి వాటికి చానా పాలసీల్లో రెండేళ్లుంటాది. ఎన్నేళ్లు అయ్యాయో లెక్కేసి, నాయన మోకాళ్లు ఇంకో మూణ్నెళ్లు ఓర్చుకుంటే వెయిటింగ్ అయిపోతాదంటే డాక్టర్‌ని అడిగి అప్పుడే డేటు పెట్టుకోండి. ఎమర్జెన్సీకి ఈ లెక్కలు వేయకండి మళ్లీ.

తర్వాత ఆస్పత్రులు. మన మూడు జిల్లాలోళ్లకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి, ఎందుకంటే చిన్నదానికి ఊర్లో చూపించుకుంటాం, పెద్దదొస్తే అనంతపురమోళ్లు బెంగళూరుకి, కర్నూలోళ్లు హైదరాబాద్‌కి, కడపోళ్లు తిరుపతికో వేలూరుకో బండి కడతారు. కాబట్టి నెట్‌వర్క్ లిస్టు రెండు ఊర్లకీ చూడాల. కంపెనీ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే వస్తాది, దాన్ని అంతటితో నమ్మకుండా ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి ఫోన్ చేసి "ఈ కంపెనీ, ఈ ప్లాన్‌కి ఇప్పుడు క్యాష్‌లెస్ ఇస్తాన్నారా" అని ప్లాన్ పేరుతో సహా అడగండి, క్యాష్‌లెస్ అంటే మనం కట్టకుండా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేది. కొన్ని పాలసీల్లో జోన్ల గొడవ కూడా ఉంది, అనంతపురం అడ్రస్‌తో తక్కువ ప్రీమియం కట్టి బెంగళూరులో చేరితే ఇంత శాతం కో-పే అని రాసుంటాది, బెంగళూరుకే పోయే అలవాటున్నోళ్లు పై జోన్ ప్రీమియం కట్టేసుకోవడం మంచిది. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీలో గుండె, కన్ను లాంటి వాటికి డబ్బే తీసుకోరు, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది, ఇవి కూడా మీ లిస్టులో ఉండాల, ఇన్సూరెన్స్ ఉంది కదా అని మర్చిపోవద్దు.

ప్రీమియం ఎంత పెరిగిందో పోయినేటి రసీదు పక్కన పెట్టి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇండివిడ్యువల్, ఫ్యామిలీ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, కాబట్టి జీఎస్టీ లేకుండా పాత బేస్ ప్రీమియం ఎంత, కొత్తది ఎంత అని పోల్చాల, మొత్తం అంకె చూసి తగ్గిందిలే అనుకుంటే పెంపు దాంట్లో దాక్కునుంటాది. 60 దాటినోళ్లకి ఏడాదిలో 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐతో (ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ) మాట్లాడుకోవాలని 2025 జనవరిలో ఆర్డరిచ్చారు. మీకు అంతకంటే ఎక్కువ వచ్చుంటే వయసు పెరిగి పై రేటు గుంపులోకి (ఏజ్ బ్యాండ్) పోయినందుకా, రేటే పెంచారా అని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే తియ్యగా మాట్లాడి పెట్టేస్తారు, మెయిల్‌కి జవాబు రాసివ్వాల్సి ఉంటాది.

పోర్ట్ కావాలా వద్దా అనేది ఇవన్నీ చూసినాకే. పోర్ట్ అయితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కొత్త కంపెనీలో కూడా లెక్కలోకి వస్తాది, అయితే పాత పాలసీ మొత్తం వరకే, 3 లక్షల నుంచి 10 లక్షలకి పోతే పై 7 లక్షలకి కొత్తగా వెయిటింగ్. కొత్త కంపెనీ నచ్చకపోతే మీ అప్లికేషన్ తిప్పి కొట్టొచ్చు, పెద్దోళ్లకి తిప్పి కొట్టేదే ఎక్కువ, కాబట్టి కొత్తది ఓకే అని రాతపూర్వకంగా వచ్చేదాకా పాతదాన్ని వదలొద్దు, రెన్యూవల్ డేటు దగ్గరపడితే పాతదే కట్టేయండి. డేటు దాటినాక కట్టడానికి ముప్పై రోజుల గ్రేస్ ఉంటాది నిజమే, కానీ ఏడాది ప్రీమియం కట్టేవాళ్లకి ఆ మధ్యలో ఆస్పత్రిలో పడితే కవర్ ఉండదు.

కవర్ పెంచుకోవాలంటే బేస్ పాలసీ పెంచే బదులు సూపర్ టాప్-అప్ రేటు కూడా అడగండి. 5 లక్షల డిడక్టిబుల్ అంటే ఏడాదిలో అయిన బిల్లులన్నీ కలిపి 5 లక్షలు దాటినాక అది పని మొదలుపెడతాది, అందుకే చౌక. టాప్-అప్, సూపర్ టాప్-అప్ ఒకటి కాదు, ఉత్త టాప్-అప్‌లో ఒక్కో బిల్లు విడిగా చూస్తారు, పెద్దోళ్లకి అది పనికిరాదు.

ఇప్పుడు మాత్రల లిస్టు పాలసీ పక్కన పెట్టండి. ప్రపోజల్ ఫారంలో (పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ఫారం) బీపీ అని మాత్రమే ఉండి డబ్బాలో షుగర్ మాత్రలు, థైరాయిడ్ మాత్ర, రక్తం పలుచన చేసేది ఉన్నాయా? పాలసీ తీసుకునేటప్పటికే ఆ జబ్బుండి ఏజెంట్ "రాయొద్దులే సార్, ప్రీమియం పెరుగుతాది" అని వదిలేసుంటే అది రేపు క్లెయిమ్‌కి ఎసరు పెడతాది, ఆస్పత్రి కేస్ షీట్‌లో "పదేళ్లుగా షుగర్" అని డ్యూటీ డాక్టర్ రాసిన ఒక్క లైను చాలు వాళ్లకి. వరసగా 60 నెలలు పాలసీ నడిచినాక మోసం అని రుజువు చేస్తే తప్ప ఆ వంకతో క్లెయిమ్ ఆపకూడదు, కానీ ఆ ఐదేళ్లని నమ్ముకొని దాచేది తెలివైన పని కాదు. పోర్ట్ చేసేటప్పుడు కొత్త ఫారంలో అన్నీ రాసేయండి, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఏజెంట్ చేతికివ్వకుండా మీరే కూర్చొని నింపండి. పాలసీ తీసుకున్నాక వచ్చిన జబ్బైతే భయం లేదు, మొదటిసారి బయటపడిన రిపోర్టు మాత్రం డేటుతో భద్రంగా పెట్టుకోండి.

మందుల ఖర్చు విషయానికొస్తే మన దగ్గర మామూలు హెల్త్ పాలసీ నెలనెలా మాత్రలకి రూపాయి ఇవ్వదు, ఆస్పత్రిలో చేరినాక డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల మందులకే ఇస్తాది, చానా పాలసీల్లో 60 రోజులు, ఆ బిల్లులు చీటీతో సహా దాచుకుంటే క్లెయిమ్ చేయొచ్చు, కానీ దాన్ని సగంమంది వదిలేస్తారు. ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకి ఓపీడీ రైడర్ అని అదనంగా అమ్ముతారు గానీ దాని ప్రీమియం, అది ఇచ్చే లిమిట్ పక్కపక్కన పెట్టి చూస్తే మన డబ్బు మనకే తిరిగిచ్చినట్టు ఉంటాది చానాసార్లు. దానికన్నా జన ఔషధి షాపు నయం, అదే సాల్ట్ సగం ధరకో ఇంకా తక్కువకో వస్తాది, జన ఔషధి సుగమ్ యాప్‌లో సాల్ట్ పేరు కొడితే రేటు, దగ్గర్లో షాపు కనిపిస్తాయి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ లాంటి అక్షరాలుంటే అవి కూడా కలవాల, థైరాయిడ్, మూర్ఛ, రక్తం పలుచన మందులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కంపెనీ మార్చొద్దు. బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో, టౌన్‌లో అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఫ్రీగానే ఇస్తారు. మా అత్త మొదట్లో గవర్నమెంటు మాత్రలు పని చేయవు అనేది, బీపీ మిషన్‌తో రెండు వారాలు రాసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

డబ్బు కట్టేటప్పుడు క్యాష్ ఇవ్వొద్దు, క్యాష్ కడితే ప్రీమియం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గింపు రాదు. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నోళ్లకి 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా తగ్గింపు ఉంది, వాళ్లకి పాలసీయే లేకపోతే ఆస్పత్రి, మందుల ఖర్చే అదే లిమిట్‌లో చూపించుకోవచ్చు. కొత్త పాలసీ చేతికొచ్చినాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటాది, ఆ లోపు పేరు, పుట్టిన తేదీ, చెప్పిన జబ్బులు అన్నీ సరిగ్గా ఎక్కినాయో లేదో చూసి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.

క్లెయిమ్ తేడా కొడితే ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. క్యాష్‌లెస్‌కి గంటలో జవాబివ్వాల, డిశ్చార్జ్ ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో రావాల, ఆలస్యం వల్ల ఆస్పత్రి ఎక్స్‌ట్రా వేస్తే అది కంపెనీయే భరించాల. రిజెక్ట్ చేస్తే ఏ క్లాజ్ ప్రకారమో రాసివ్వమని అడిగి, కంపెనీ గ్రీవెన్స్‌కి మెయిల్ పెట్టండి, నెల రోజుల్లో తేలకపోతే మన రాష్ట్రానికి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, 50 లక్షల దాకా కేసులు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఏడాది లోపల వేయాల. ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేసే బీమా భరోసా నంబర్ 155255.

చివరిగా, పాలసీ కార్డు, వయ వందన కార్డు, ఆధార్, మాత్రల లిస్టు ఫోటోలు ఇంట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఊరుకోవద్దు. మనం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటాం, అర్ధరాత్రి వాళ్లని ఆటోలో వేసుకొని పోయేది పక్కింటి అన్నో, మేనమామ కొడుకో. ఆ మనిషికి పంపండి, పంపి ఒకసారి ఫోన్ చేసి "అన్నా, రూమ్ 3000 లోపలే తీసుకో, చేరిన వెంటనే కార్డు వెనకున్న ఈ నంబర్‌కి చెప్పాల" అని చెప్పి పెట్టండి.